వాడు, ఆమె, నేను

ఎ. రేవతి తమిళంలో రాసుకున్న జీవితాన్ని వి. గీత ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 2010లో వచ్చింది. దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసిన పి. సత్యవతి గారికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. ఇలాంటి పుస్తకం చేతికి రాగానే మనం ఢిల్లీ, ముంబై అధ్యాయాల వైపు పరిగెడతాం. మనకి తెలియని లోకం కదా! నాకు మాత్రం తెలిసిన లోకమే ఎక్కువ భయపెట్టింది: నామక్కల్ దగ్గర ఒక పల్లె, ఒక ఇల్లు, ఒక బడి.

దొరైస్వామి అని పేరు పెట్టిన ఆ పిల్లాడికి వాకిలి ఊడ్చి ముగ్గెయ్యడం ఇష్టం, అక్క బట్టలు కట్టుకోవడం ఇష్టం. మగపిల్లాడిలా లేవని బడిలో దెబ్బలు, ఇంట్లో అన్నల దెబ్బలు. అదే పిల్లాడు మారియమ్మ జాతరలో ఆడవేషం కడితే ఊరంతా మెచ్చుకుంటుంది. వేషం తీసేసి చొక్కా తొడుక్కున్నాకే తను వేషంలో ఉన్నట్టు అనిపించిందంటుంది రేవతి. నా లెక్కలో పుస్తకానికి గుండెకాయ ఈ చోటే. మనమేం తక్కువా? స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ ఇచ్చుకున్నాం, వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామకి మురిసిపోయాం. కానీ రంగు కడిగేశాక కూడా నడకలో ఆ ఒయ్యారం మిగిలితే అది మన పిల్లాడిలో ఉండకూడదు.

తెలుగులో చదువుతుంటే ఇంకో సంగతి తడుతుంది. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు మన క్రియకి ఆడా మగా లేదు. వాడొచ్చాడు, ఆమె వచ్చింది అని తేల్చాల్సింది పక్కవాళ్ళే. ఆత్మకథంతా ‘నేను’తో నడుస్తుంది కాబట్టి ఆ పిల్లకి ఊపిరాడే చోటు వ్యాకరణంలోనే దొరికింది.

ముంబైకి వెళ్ళాక కథ కాస్త సాగుతుంది. గురువులు మారడం, ఇళ్ళు మారడం, మళ్ళీ దెబ్బలు, ఒకదానికొకటి కలిసిపోతాయి. అయినా రేవతి తన వాళ్ళని రాక్షసులుగా చూపించదు. కొట్టిన ఇంటికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. తల్లి ఏడుస్తుంది, తిడుతుంది. ఒప్పుకోవడం అనేది ఒక్కరోజులో అయిపోయే పని కాదని, ఆస్తి పంపకం దగ్గర కూడా మళ్ళీ మొదలవుతుందని ఇంత నిజాయితీగా రాసినవాళ్ళు తక్కువ.

ఈ పుస్తకం టీచర్ల చేతుల్లోకి వెళ్ళాలి, ముఖ్యంగా ఇల్లు వదిలేదాకా ఉన్న పేజీలు. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం చేసినప్పుడు, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల గుర్తింపు పత్రానికి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు పెట్టాలని రాశారు. దొరైస్వామి ఇంట్లో ఆ కాగితం మీద సంతకం ఎవరు పెట్టేవారు? తల్లి పెట్టేదేమో, అన్నలు ఇంట్లో లేని రోజు చూసి.