‘వేధింపు’ ఎవరిది?

1932 జనవరిలో వైస్రాయి విల్లింగ్డన్ ఒకేసారి నాలుగు ఆర్డినెన్సులు తెచ్చాడు. అందులో ఒకటి వేధింపుల, బహిష్కరణల నిరోధక ఆర్డినెన్సు. సాహిత్యం చదివీ చెప్పీ బతికేదాన్ని కాబట్టి చట్టాన్ని కూడా నేను ముందు మాటల దగ్గరే పట్టుకుంటాను. ఇక్కడ వేధింపు అంటే ఏమిటి? బలప్రయోగం, బెదిరింపు సరే. దుకాణం దగ్గర తచ్చాడడం కూడా వేధింపే. అప్పటికి రెండేళ్ళ ముందే, 1930లో, బట్టల కొట్ల ముందూ కల్లు దుకాణాల ముందూ పికెటింగ్ చేసే పనిని గాంధీ ప్రత్యేకించి స్త్రీలకు అప్పగించి ఉన్నాడు. పనిచేసే చోట మనం పడేదానికి ‘వేధింపు’ అన్న పేరు పెట్టించుకోవడానికి 1997లో విశాఖ తీర్పు దాకా, చట్టానికైతే 2013 దాకా ఆగాల్సి వచ్చింది. సర్కారుకు మాత్రం ఆ మాట 1932లోనే దొరికింది, “కొనకండి” అని చేతులు జోడించి నిలబడ్డ ఆడమనిషి మీద వాడడానికి!

ఆ భాష ఆ ఏడాదే మామూలు చట్టంలోకి ఎక్కింది. 1938లో మద్రాసు ప్రధానిగా ఉన్న రాజాజీ హిందీ వ్యతిరేక ఆందోళనకారుల మీద ఆ చట్టాన్నే ప్రయోగించాడు. జైలుకెళ్ళినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. నిన్నటిదాకా దాన్ని తిట్టినవాళ్ళ చేతిలో అది ఎంత తేలిగ్గా ఇమిడిపోయిందో చూడండి.

ఇదంతా బ్రిటిష్ ఇండియా కథ. మా మెదక్ నిజాం ఏలుబడిలో ఉండేది. 1930లో మా జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ, దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగిన రోజుల్లో సభ పెట్టుకోవాలంటేనే అనుమతి కావాలి. నోరు విప్పడానికి అనుమతి అడగాల్సిన చోట పని మానేయడమే మాట అవుతుంది. అది బాగా కనిపించింది 1978లో, మా పక్కనున్న కరీంనగర్ జిల్లాలో. దొరల ఇళ్ళకు చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాళ్ళు పోలేదు. ఆ అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూమి తగాదాలూ ఘర్షణలూ ఉన్నాయి, కాదనను. కానీ దొరసాని బట్టలు ఉతకనని ఇంట్లో కూర్చున్న చాకలామె కూడా ఆ ‘కల్లోలం’లో భాగమైపోయింది.

ఈ సంగతి క్లాసులో చెబుతుంటే ఒక దళిత విద్యార్థిని లేచి అడిగింది: “మరి మమ్మల్ని ఊరంతా వెలేసినప్పుడు వాళ్ళదీ మాటేనా మేడమ్?”

అడగాల్సిన ప్రశ్నే. బహిష్కరణను సమర్థించే మన వ్యాసాలు చాలావరకు ఈ ప్రశ్నను దాటేసి వెళ్ళిపోతాయి. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందు నడిచింది దళితుల సాంఘిక బహిష్కరణే. మాకు దగ్గరలోని నిజామాబాద్ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేయడం, కట్టకపోతే వెలివేయడం పత్రికలు చదివేవాళ్ళకు తెలిసినదే. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. ఆ సవరణ కావాలి, ఇంకా గట్టిగా అమలు కావాలి. నేను ఆ అమ్మాయికి చెప్పింది ఇంతే: నా చేతి పని నాది, నా కొంగున ముడేసుకున్న పైసలు నావి, వాటిని ఆపుకోవచ్చు. ఊరి బావి, కిరాణా కొట్టు, బడి తోవ నావి కావు, వాటిని ఇంకొకరికి ఆపే హక్కు నాకు లేదు. దొరకు గడ్డం పెరిగితే దొర చావడు. “దొర కూడా మమ్మల్ని వెలేశారనే అంటడు కద మేడమ్” అందామె. అంటాడు. రెండింటికీ ఒకే మాట ఉండడం అతనికి బాగా కలిసొస్తుంది.

అమెరికాలో ఇప్పుడు జరుగుతున్నదీ ఈ మాటల తగాదాయే. మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్‌లో 1966లో నల్లవాళ్ళు తెల్ల వ్యాపారుల దుకాణాలను బహిష్కరించారు. అహింసాయుతమైన ఆ బహిష్కరణకు వాక్ స్వాతంత్ర్యపు రక్షణ ఉందని 1982లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఇజ్రాయెల్‌ను బహిష్కరించేవాళ్ళకు ప్రభుత్వ కాంట్రాక్టులు దక్కకుండా చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఆర్కన్సాలో 2017 చట్టం ప్రకారం, బహిష్కరించబోమని సంతకమైనా పెట్టాలి, లేదా 20 శాతం తక్కువకైనా పనిచేయాలి. ‘ఆర్కన్సా టైమ్స్’ పత్రిక ఇజ్రాయెల్‌ను బహిష్కరించనూ లేదు, బహిష్కరించమని రాయనూ లేదు. కేవలం సంతకం పెట్టనంది. 2022లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. కొనకపోవడం దానంతటది ఏ భావాన్నీ ప్రకటించదట, ఎందుకు కొనలేదో నోటితో చెబితేనే తెలుస్తుందట. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును విననంది.

ఆ తీర్పు రాసినవాళ్ళు మన ఇళ్ళలో ఒక్కపూట ఉండి ఉంటే బాగుండేది. అన్నం ముట్టని కోడలు ఏమీ చెప్పడం లేదని ఏ అత్తా అనుకోదు.

మన సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న ‘పై ఎవరూ కాదు’ అనే మీట ఓటింగ్ యంత్రంలో ఉండాలని చెబుతూ, అందరినీ తిరస్కరించడం కూడా భావప్రకటనే అంది. ఆర్కన్సా తీర్పు పక్కన పెట్టి చదవాల్సిన తీర్పు ఇది. కాకపోతే అది రక్షించింది తెర చాటున మీట నొక్కే వేలిని. దుకాణం ముందు నలుగురికీ కనిపించేలా నిలబడ్డ మనిషి సంగతి అందులో లేదు.