మెదక్ శిఖరం, డోర్నకల్ స్తంభాలు

ఇంగ్లండు పాతకాలపు ఊరి చర్చి లాంటిది తెలంగాణలో ఎక్కడుందంటే అందరూ మెదక్ పేరే చెబుతారు. నేను డోర్నకల్ పేరు చెబుతాను.

మధ్యయుగాల ఇంగ్లండులో పల్లె చర్చి తరచుగా ఒక్క తరంలో పూర్తయ్యేది కాదు. 12వ శతాబ్దపు గుండ్రటి కమాను పక్కనే 14వ శతాబ్దపు మొనదేలిన కమాను కనిపిస్తుంది. దగ్గర్లో దొరికిన రాయితోనే గోడ లేచేది. నార్ఫోక్‌లో మంచి కట్టుడురాయి లేక చెకుముకి రాళ్లతో కట్టుకున్నారు. స్థానిక పనివాళ్లకు చేతనైన విద్యే ఆ చర్చికి అందమైంది.

మెదక్ చర్చి ఆ రూపాన్ని తీసుకుంది, ఆ పద్ధతిని కాదు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరుపుకుంది. 175 అడుగుల గోపురం, ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు: అడుగు పెట్టగానే కట్టిపడేసేది మెదకే, అందులో వాదం లేదు. పైగా కరువు రోజుల్లో జనానికి పని చూపి తిండి పెట్టిన కట్టడం అది. అరువు తెచ్చుకున్న రూపమని దాన్ని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

డోర్నకల్ మాకు దూరపు ఊరు కాదు. మాది బొగ్గు గనుల ఊరు, సెంటినరీ కాలనీ. ఆ పేరులోని నూరేళ్లు 1889లో ఇల్లందు బొగ్గు తవ్వకంతో మొదలయ్యాయి. ఆ బొగ్గు రైల్లో బయటికొచ్చింది డోర్నకల్ మీదుగానే. అక్కడి అప్పటి బిషప్ వి. ఎస్. అజరయ్య, 1912లో ఆ పదవి పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్. ఆయన తలపెట్టిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. లోపల గుడి మంటపంలో ఉన్నట్టు చెక్కిన స్తంభాలు, పైన మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు. ఇక్కడివాళ్ల కళ్లకు ఏళ్లుగా అలవాటైన రూపాలివి.

ఇది కేవలం అలంకారమైతే నేనింత పట్టుబట్టను. ఆ బిషప్ పరిధిలోని (డయోసిస్) విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఆ రోజుల్లో ఊరి గుడి మంటపంలో కాలు పెట్టనివ్వని మనుషులు. అలాంటి స్తంభాల మధ్యే, ఎవరి అనుమతీ అడగకుండా, పిల్లాపాపలతో కూర్చుని ప్రార్థించారు. మొనదేలిన కమాను ఎంత ఎత్తుకు లేచినా వాళ్లకు ఇవ్వలేనిది ఇదే. అందుకే డోర్నకల్ వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను: ముందు గుమ్మటాల ఫొటోలు తీయకండి, లోపలికి వెళ్లి ఆ స్తంభాల దగ్గర కాసేపు కూర్చోండి.