బతికున్న పోప్‌కి నరకంలో రిజర్వేషన్

దాంతే ‘డివైన్ కామెడీ’ నరకఖండం పందొమ్మిదో సర్గలో చర్చి పదవులు అమ్ముకున్నవాళ్ళు రాతి గుంతల్లో తలకిందులుగా ఉంటారు. బయటికి కనిపించేవి కాలుతున్న పాదాలు మాత్రమే. ఒక గుంతలో ఉన్న పోప్ మూడో నికొలస్, పైన నిలబడ్డ దాంతేని చూడలేక, ఎనిమిదో బోనిఫేస్ అప్పుడే వచ్చేశాడా అని ఆశ్చర్యపోతాడు. కథ జరిగేది 1300లో. బోనిఫేస్ పోయింది 1303లో. అంటే బతికున్న మనిషికి దాంతే నరకంలో సీటు రిజర్వు చేశాడు!

చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది. ఎందుకంటే ఇది సొంత పగ. 1301లో బోనిఫేస్ అండతో ఫ్లారెన్స్‌లో దాంతే ప్రత్యర్థి వర్గం గెలిచింది. మరుసటి ఏడాది దాంతేని ఊరినుంచి వెళ్ళగొట్టారు, దొరికితే తగలబెట్టమన్నారు. ఆయన మళ్ళీ ఇల్లు చూడలేదు.

అలాగని బోనిఫేస్ అమాయకుడేం కాదు. అనాగ్నికి చెందిన కయెతానీ వంశం ఆయనది. ముందున్న ఐదో సెలెస్టీన్ 1294లో రాజీనామా చేస్తే గద్దెనెక్కి, ఆ ముసలాయన్ని చనిపోయేదాకా కోటలో బంధించి ఉంచాడు. సొంతవాళ్ళకి భూములు కూడబెట్టాడు. 1297లో ప్రత్యర్థి కొలొన్నా వంశీకుడొకడు దారికాచి పోప్ ఖజానా దోచుకుంటే, ఆ వంశానికి పట్టుగొమ్మలాంటి పాలెస్ట్రీనాని నేలమట్టం చేయించాడు. దేవుడి పేరు తీసేస్తే రెండు జమీందారీ కుటుంబాల గెట్టు తగాదా. రోమ్‌లో విశ్వవిద్యాలయం పెట్టిందీ ఈయనే. ఆ సంగతి దాంతే ఎత్తడు.

నన్ను అసలు పట్టుకున్నది వేరే. ఇంత పెద్ద కావ్యంలో బోనిఫేస్ ఒక్కసారి కూడా కనిపించడు. అందరూ ఆయన గురించి మాట్లాడేవాళ్ళే. సెయింట్ పీటర్ స్వర్గంలో కోపంతో ఎర్రబడతాడు. బియాట్రిస్ చివరి మాటలు కూడా ఈయన మీదే. ఒక్క మాట తిరిగి చెప్పుకునే అవకాశం ఆయనకి ఇవ్వలేదు. విమర్శకులు ఈ పద్ధతిని ఎంత మెచ్చుకున్నా, నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

అయితే ప్రక్షాళన ఖండం ఇరవయ్యో సర్గ ఉంది. 1303 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ రాజు మనిషి నొగారే, ష్యారా కొలొన్నా కలిసి అనాగ్నిలో బోనిఫేస్‌ని పట్టుకున్నారు. స్థానికులు విడిపించారు కానీ, నెల తిరిగాక ఆయన పోయాడు. పగవాడికి పడిన ఈ దెబ్బకి దాంతే పండగ చేసుకోవాలి కదా? చేసుకోడు. పోప్‌ని బంధించడమంటే క్రీస్తుని మళ్ళీ బంధించడమే అంటాడు. అదీ ఫ్రెంచి రాజవంశ మూలపురుషుడి నోటితోనే చెప్పిస్తాడు. మనిషిని క్షమించాడని కాదు, గుంత అలాగే ఉంది. మళ్ళీ చదివేటప్పుడు నేను ముందు తెరిచేది ఈ సర్గే.