ఎముకలను ఎవరు కూర్చుదురు? : ఫిలిప్పీన్స్ అంత్యక్రియల ఆచారములపై ఒక విమర్శ

పరిచయము

ఇతర దేశముల అంత్యక్రియలను గూర్చి మన వేదాంత పాఠశాలలలో వ్రాయబడు వ్యాసములు తరచుగా ఒకే దారిన నడుచును. ఒక ప్రక్క అన్యాచారములు, మరియొక ప్రక్క క్రైస్తవాచారములు అని రెండు జాబితాలు వ్రాసి, మొదటిదానిని కొట్టివేసి, రెండవదానిని మెచ్చుకొని ముగించుదుము. విద్యార్థి దశలో నేను కూడ అట్టి వ్యాసము వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొంటిని. ఇరువది ఐదేండ్లకు పైగా సంఘకాపరిగా సమాధుల యొద్ద నిలిచిన తరువాత ఆ పద్ధతి చాలదని గ్రహించితిని.

ఫిలిప్పీన్స్ ఇందుకు తగిన ఉదాహరణము. 2020 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నూటికి దాదాపు 79 మంది రోమన్ కథోలికులు. అయినను ఒక్క శవపేటిక చుట్టు పూర్వాచారము, క్రైస్తవ విశ్వాసము, నేటి వ్యాపారము మూడును కలిసి నిలుచును. కాబట్టి ఆచారము పాతదా, క్రొత్తదా అని గాక మూడు ప్రశ్నలు అడుగవలెనని నా వాదన. మృతుని ఎవరు జ్ఞాపకము చేసికొనుచున్నారు? దుఃఖించువారి భారము ఎవరు మోయుచున్నారు? దేవునికి చెందవలసిన స్థానము ఎవరికి ఇయ్యబడుచున్నది? మన విమర్శ సాధారణముగా మూడవ ప్రశ్నతోనే ఆగిపోవుచున్నది.

1. పూర్వాచారము : ఎముకల యెడల గౌరవము

1964లో పలావాన్ ద్వీపమునందలి మనుంగ్గుల్ గుహలో పరిశోధకులు ఒక మట్టి కుండను కనుగొనిరి. అది క్రీ.పూ. 890-710 మధ్య కాలమునకు చెందినదని నిర్ణయించిరి. దాని మూతపై ఒక పడవ, అందులో ఇద్దరు మనుష్యులు ఉన్నారు. వెనుకనున్నవాడు పడవ నడుపుచున్నాడు. ముందున్నవాడు రొమ్ముపై చేతులు ముడుచుకొని కూర్చున్నాడు. అది శవమును మొదట పాతిపెట్టిన కుండ కాదు. శరీరము మట్టిలో కలిసిన తరువాత ఎముకలను మరల తీసి, గౌరవముతో భద్రపరచిన కుండ. దీనిని రెండవ సమాధి అందురు.

లూజాన్ ద్వీపపు ఉత్తర కొండలలోని సగాడాలో కంకనాయ్ ప్రజలు పూర్వము శవపేటికలను సున్నపురాతి కొండ గోడలకు వ్రేలాడదీయుచుండిరి. శవమును ముందుగా కుర్చీలో కూర్చుండబెట్టి, పొగవేయగా, బంధువులు చూచి వెళ్లుచుండిరి. తరువాత తల్లి గర్భములోని శిశువు వలె మోకాళ్లు ముడిచి పొట్టి పేటికలో ఉంచుచుండిరి. ఇందులో పితరుల ఆత్మలను గూర్చిన నమ్మకము కలదు. దానిని మనము అంగీకరింపలేము. అయితే యోసేపు తన ఎముకలను ఐగుప్తులో విడువవద్దని ప్రమాణము చేయించుకొనెను (ఆది. 50:25), మోషే వాటిని మోసికొని పోయెను (నిర్గమ. 13:19). ఎముకలను గౌరవించుట అన్యమని కొట్టివేయుటకు ముందు ఈ వాక్యభాగములు చదువవలెను.

సగాడాలోనే మరియొక సంగతి చూడవలెను. 1904లో జాన్ స్టాంటన్ అను ఎపిస్కోపల్ మిషనరీ అక్కడికి వచ్చెను. నేడు నవంబరు 1వ తేదీన పరిశుద్ధ మరియ దేవాలయములో గురువు దేవదారు చెక్కలను ఆశీర్వదించగా, జనులు వాటిని శ్మశానమునకు తీసికొనిపోయి ప్రతి సమాధిపై మంట వెలిగించుదురు. కొండ ప్రజల చరిత్రను జీవితమంతయు వ్రాసిన విలియం హెన్రీ స్కాట్ 1993లో మరణించగా ఈ శ్మశానములోనే సమాధి చేయబడెను. మంట స్థానికము, ప్రార్థన క్రైస్తవము. ఇక్కడ సంఘము ఆచారమును కాల్చివేయలేదు. దాని అర్థమును మార్చెను.

2. లమాయ్ : ఓదార్పు, భయము, జూదము

పట్టణములలోను పల్లెలలోను ప్రధానమైన ఆచారము లమాయ్, అనగా శవజాగరణ. మూడు మొదలు ఏడు రాత్రుల వరకు మృతుని ఒంటరిగా విడువరు. విదేశములో పనిచేయు కుమారుడో కుమార్తెయో రావలసియున్న యెడల ఇంకను పొడిగించుదురు. వచ్చినవారు అబులోయ్ అను ధనసహాయమును కుటుంబము చేతిలో పెట్టుదురు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలపై కూర్చుండిరి (యోబు 2:13). వారు మాటలాడుట మొదలుపెట్టిన తరువాతనే తప్పు చేసిరి. లమాయ్‌లోని మంచి ఆ కూర్చుండుటలోనే ఉన్నది.

అయినను ఇక్కడ విమర్శింపవలసినవి కలవు. లమాయ్ నుండి నేరుగా ఇంటికి పోక దారిలో మరియొక చోట ఆగవలెనని, లేనియెడల ఆత్మ వెంబడించునని నమ్ముదురు. దీనిని పగ్‌పగ్ అందురు. మరణమైనను మనలను క్రీస్తు ప్రేమనుండి వేరుచేయలేదని (రోమా. 8:38-39) నమ్మువారికి ఈ భయము తగదు. ఇలొకానో ప్రజలు మృతులకు ఆహారము పెట్టుదురు, ద్వితీ. 26:14 దీనికి ఎదురుగా నిలుచును. తొమ్మిది దినముల పసియామ్ ప్రార్థనలు మృతుని ఆత్మకు మేలు చేయునని వారు నమ్ముదురు. మధ్యవర్తి ఒక్కడే (1 తిమో. 2:5) అని ఒప్పుకొను మనము అంతవరకు పోలేము. కాని తొమ్మిది రాత్రులు ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి వచ్చుటను మాన్పించి, దాని స్థానములో మనమేమి ఉంచుదుము?

జూదము విషయము వేరు. లమాయ్‌లో పేకాట సాగును. గెలిచిన సొమ్ములో కొంత భాగము అంత్యక్రియల ఖర్చునకు ఇచ్చుదురు. పేద కుటుంబమునకు అది సహాయమే. అయితే దిక్కులేని శవములను ముందు పెట్టుకొని జూదము నడిపిన వ్యాపారులును కలరు. ఇక్కడ మృతుడు జ్ఞాపకము చేయబడుట లేదు, వాడుకొనబడుచున్నాడు.

3. ఆధునికాచారము : అద్దె గూడు

ఇప్పుడు ఆధునికమైన దానికి వత్తము. ఇందులో ఆత్మల భయము లేదు గనుక మన వ్యాసములు దీనిని పరీక్షింపకయే విడిచిపెట్టును. మనీలా వంటి నగరముల ప్రభుత్వ శ్మశానములలో పేదల శవములను ఒకదానిపై ఒకటి కట్టిన సిమెంటు గూళ్లలో ఉంచుదురు. అవి సాధారణముగా ఐదేండ్ల అద్దెకే దొరకును. గడువు తీరి, డబ్బు కట్టలేనియెడల ఎముకలను తీసివేయుదురు. మూడువేల సంవత్సరముల క్రితము గుహలో ఎముకలను గౌరవముతో మరల తీసిరి. నేడు బాకీ కొరకు తీయుచున్నారు.

2016లో మొదలైన మాదకద్రవ్య వ్యతిరేక దాడులలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే 6,200 మందికి పైగా చంపబడిరి. వారిలో అధికులు పేదలు. హత్య చేయబడినవాని పేటికపై బ్రదికియున్న కోడిపిల్లను ఉంచుట పాత ఆచారము. అది గింజలు పొడిచినప్పుడెల్ల హంతకుని మనస్సాక్షి పొడువబడునని నమ్మకము. ఆ దినములలో అనేక పేటికలపై ఈ కోడిపిల్లలు కనబడెను. ఇది మూఢనమ్మకమే. అయితే హేబెలు రక్తము నేలలోనుండి మొఱపెట్టెనని (ఆది. 4:10) బోధించు మనము, ఆ కోడిపిల్లను మాత్రమే చూచి ఆ మొఱ వినక పోవచ్చునా?

ఆ మృతుల గూళ్ల అద్దె గడువు తీరుచుండగా ఫ్లావీ విల్లనువెవా అను కథోలిక గురువు కుటుంబముల తోడ ఎముకలను వెలికితీయించెను. రాక్వెల్ ఫోర్టున్ అను ఫోరెన్సిక్ వైద్యురాలు వాటిని పరీక్షించెను. సహజ మరణమని ధ్రువపత్రమున్న కొందరి ఎముకలలో ఆమె తుపాకి గాయములు కనుగొనెను. తరువాత ఎముకలను దహించి బూడిదను పాత్రలలో ఉంచి, 2024లో కలోకాన్ నగరమునందలి లా లోమా శ్మశానములో వారి కొరకు స్మారక మందిరము తెరచిరి. ఇదియు రెండవ సమాధియే. మనుంగ్గుల్ కుండ చేసిన పనిని ఈ పాత్రలు చేయుచున్నవి. దానితో పాటు సత్యమును బయటికి తెచ్చినవి.

2020లో కోవిడ్ మృతులను 12 గంటలలో దహింపవలెనను నిబంధన వచ్చెను. లమాయ్ లేదు, ముఖము చూచుట లేదు; కుటుంబము చేతికి పాత్ర మాత్రమే వచ్చెను. ఆ నిబంధన అవసరమైనదే. అయినను ఆ సంవత్సరము మన యొద్దను అట్టి సమాధులు జరిగించిన ప్రతి కాపరికి జాగరణ విలువ తెలిసియుండును.

ముగింపు

మన తెలుగు సంఘములకు ఆదరణ కూడికలు, సమాధుల పండుగ ఉన్నవి. సిద్ధాంతములో వాటికి లోపము తక్కువ. అయితే ఆదరణ కూడిక భోజనములకు వడ్డీకి అప్పుచేసిన విధవరాండ్రను నేనెరుగుదును. ఆ భోజనము నేనును తింటిని. ఫిలిప్పీనుల పగ్‌పగ్‌ను ఖండించు హక్కు నాకు వాక్యము ఇచ్చుచున్నది. కాని వారి అబులోయ్ ముందు నేను సిగ్గుపడవలసియున్నది. ఏలయనగా అక్కడ చావు ఇంటికి వచ్చినవాడు ఇచ్చి పోవును. మన యొద్ద తిని పోవుచున్నాడు.

కాబట్టి మన విద్యార్థులు ఇకమీదట అంత్యక్రియల ఆచారములపై వ్రాయునప్పుడు, ఆత్మలను గూర్చిన ప్రశ్నతో పాటు ఖర్చును గూర్చిన ప్రశ్నయు తప్పక అడుగవలెనని నా మనవి. సంఘ కమిటీలు సమాధి నిధి ఒకటి ఏర్పరచి, మరణము సంభవించిన దినముననే కొంత సొమ్ము ఆ ఇంటికి పంపుట మొదలుపెట్టినయెడల ఈ చర్చ వ్యాసముతో ఆగిపోదు.