మంకీ ఐలాండ్‌లో పిట్టల దొర

ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. పిట్టల దొర ముఖంలో నవ్వు మచ్చుకైనా కనిపించదు. తన భూములు, మేడలు, వైభోగం ఏకరువు పెట్టి, చివరికి చేయి చాస్తాడు. తుపాకి రాముడనీ, లత్కోరు సాబనీ పిలిచే ఈ వేషం తెలంగాణ పల్లెలది. ఆ పల్లెల నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊరు గోదావరిఖని. 1990లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ విడుదల చేసిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ అనే కంప్యూటర్ ఆట ఈ ఊరివాళ్ళకు ఇట్టే అందుతుందని నా నమ్మకం. జోకు అర్థమైతేనే చిక్కుముడి విడిపోయేలా అల్లిన ఆట అది.

రాన్ గిల్బర్ట్ సారథ్యంలో టిమ్ షాఫర్, డేవ్ గ్రాస్‌మన్ కలిసి రాసిన ఈ కథలో గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడు సముద్రపు దొంగ కావాలని ఒక దీవికి వస్తాడు. బలం లేదు, డబ్బు లేదు. పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనన్న గొప్ప మాత్రం ఉంది. ఆ కాలపు సాహస ఆటల్లో చాలావాటిలో అడుగు తప్పితే చావే. గిల్బర్ట్ ఆ పద్ధతిని 1989లోనే ఒక వ్యాసంలో తప్పుపట్టి, ఈ ఆటలో చావును దాదాపు తీసేశాడు. ఒకచోట హీరోను విగ్రహానికి కట్టి నీళ్ళలోకి తోస్తారు. విగ్రహాన్ని ఎత్తుకుని నడిచి వస్తే సరిపోతుంది. అది తట్టక నిజంగా పది నిమిషాలు దాటితే మాత్రం ప్రాణం పోతుంది. కోసిన కోతకు ఆట లెక్క కట్టి మరీ కట్టుబడింది. పిట్టల దొర కూడా లెక్కలు అంత గంభీరంగా చెబుతాడు కాబట్టే జనం పడి పడి నవ్వుతారు.

ఈ ఆటలో కత్తి యుద్ధం నోటితో సాగుతుంది. ఒకడు ఎత్తిపొడిస్తే రెండోవాడు దానికి తగ్గ జవాబు ఇవ్వాలి. మొదట్లో మనకు వచ్చిన మాటలు తక్కువ. దారిలో ఎదురైన దొంగల చేతిలో ఓడుతూ వాళ్ళ మాటలు పట్టుకోవాలి. తీరా కత్తి యుద్ధంలో ఆరితేరిన కార్లా ముందు నిలబడితే ఆమె ఎత్తిపొడుపులన్నీ కొత్తవే. పాత జవాబుల్లోనే సరిపోయేది వెతుక్కోవాలి. బట్టీ పట్టినవాడు ఇక్కడ దొరికిపోతాడు. ఏ మాట ఎక్కడ తగులుతుందో గ్రహించినవాడే గట్టెక్కుతాడు. హాస్యాన్ని ఇంత నిజాయితీగా పరీక్షించిన ఆట నాకు మరొకటి తెలియదు.

ఇలాంటి చిక్కుముళ్ళకు తలా తోకా ఉండదని కొందరంటారు. అందుకు వాళ్ళు చూపే ఉదాహరణ, మధ్యలో గిలక బిగించిన రబ్బరు కోడి. కానీ ఆ వస్తువు పేరులోనే గిలక ఉంది. పక్క దీవికి కట్టిన తీగ కళ్ళెదుటే ఉంది. గనిలో గిలకల మీద సాగే హాలేజీ తాడును చూసిన కార్మికుడికి అదేమిటో ఒకరు చెప్పాలా?

ఇంగ్లీషు రానివారి మాటేమిటన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. నిజమే, ఈ ఆట అంతా మాటల మీదే నిలబడింది, అనువాదం తేలిక కాదు. ఒకే జవాబు రెండు వేర్వేరు ఎత్తిపొడుపులకు అతకాలి, రెండుచోట్లా నవ్వు పుట్టాలి. నిఘంటువుతో అయ్యే పని కాదది. పిట్టల దొర వేషం కట్టేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, తెలంగాణ యాసలో ఆ ఎత్తిపొడుపు-జవాబు జంటలన్నీ మళ్ళీ కొత్తగా రాయించాలి.