సాత్తూరు సేవు అంగళ్లు

సాత్తూరులో సేవు వేయించే ప్రతి అంగడికీ వెళ్లాలని పెట్టుకున్నాను. పేరుమోసిన ఒకటి రెంటికి కాదు, అన్నిటికీ. బస్టాండు చుట్టూ ఉన్నవి, స్టేషను దారిలోవి, మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డు కట్టినవి, సందుల్లో బోర్డే లేకుండా ఇంటి ముందు బాండీ పెట్టుకున్నవి. వేరే దేశాల్లో కొందరు తమ ఊరి పబ్బులన్నీ ఇలా చుట్టి వస్తారు. తమిళనాట 2003 చివరి నుంచి మద్యం చిల్లరగా అమ్మేది ప్రభుత్వ సంస్థ టాస్మాకే. ఆ దుకాణాల పక్క బార్లలో మనిషి వచ్చిన పని చూసుకుని లేచిపోతాడు. మా ఊళ్లో మాటలు కలిసేది టీ అంగడి బల్ల మీద, సేవు బాండీ దగ్గర. అందుకని నా తిరుగుడు అటు మళ్లింది.

ఆంధ్రలో ఉన్నవాళ్లకు చెప్పాలి: సాత్తూరు విరుదునగర్ జిల్లాలో, వైప్పారు ఒడ్డున, మదురై నుంచి తిరునెల్వేలి వెళ్లే దారిలో ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల తరతరాలుగా ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే. ఇక్కడి కారసేవు మీ కారప్పూసలా సన్నగా ఉండదు. లావుగా, పొట్టిగా, కొసలు గరుగ్గా ఉంటుంది.

శనగపిండిలో కొంత బియ్యప్పిండి, ఎండుమిరప కారం, వెల్లుల్లి, వాము, ఉప్పు. కలిపేటప్పుడు కాగిన నూనె కాస్త పోస్తారు, గుల్లతనం దానివల్ల వస్తుంది. ఆ తర్వాత పనంతా అరచేతిదే. మాస్టరు బాండీకి పైన పెద్ద చిల్లుల గరిటె పట్టుకుని, పిండిముద్దను అరచేతి మొదలుతో అదిమి ముందుకు రుద్దుతాడు. పిండి తీగలుగా దిగి తన బరువుకే తెగి నూనెలో పడుతుంది. మరలో నొక్కితే ముక్కలన్నీ ఒకే తీరుగా వస్తాయి. చేత్తో రుద్దిన దాంట్లో పొట్టివీ పొడుగువీ కలిసి ఉంటాయి. పొట్టివి ముందు ఎర్రబడతాయి, పొడుగువి కాస్త వెనకబడతాయి. ఒకే గుప్పెడులో రెండు మూడు రకాల వేపుడు దొరకడం నాకు చాలా ఇష్టం.

ఒకే అంగడికి అలవాటు పడితే అంగడికీ అంగడికీ ఉన్న తేడాలు కంటపడవు. ఒకచోట వెల్లుల్లి మెత్తగా రుబ్బి, చిల్లులకు అడ్డం పడకుండా వడకట్టి ఆ నీళ్లతో పిండి కలుపుతారు. ఇంకోచోట కచ్చాపచ్చాగా దంచి అలాగే వేస్తారు. మొదటిది ముక్కుకు తెలుస్తుంది, రెండోది పంటికి తగులుతుంది. కారం బదులు మిరియం వేసే చోటుంది. బెల్లం పాకం పట్టిన తీపి సేవుకే పేరు పడ్డ చోటుంది. నూనె ఎన్నిసార్లు కాగిందో వాకిట్లోకి రాగానే వాసన చెప్పేస్తుంది.

ఒక సందులో బాండీ దగ్గర తమిళంలో అడిగి నిలబడ్డాను. మాస్టరు తమిళంలోనే బదులిచ్చి, పక్కనున్న కొడుకువైపు తిరిగి తెలుగులో, "తొందరపడొద్దురా, నురగ తగ్గనీ" అన్నాడు. పిండిలో తడి ఆవిరైపోతున్నంతసేపూ నూనె నురగ కడుతూనే ఉంటుంది. బుడగలు సద్దుమణిగాక తీస్తేనే సేవు నాలుగు రోజులైనా కరకరలాడుతుంది. "మామా, మీది ఏ పల్లె?" అన్నాను. చేయి ఆపకుండానే పల్లె చెప్పాడు, మా తాతది ఏ ఊరని అడిగాడు, ఆ వాయి దిగేలోపల మాకు ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు తేలారు.

ఈ తిండి ఇక్కడే ఎందుకు పుట్టిందన్నది నేల చూస్తే నాకు అర్థమవుతుంది. ఇది కరిసల్, మన నల్లరేగడి. తమిళ నెలలు ఐప్పసి, కార్తిగైలలో పడే వానల మీద బతికే మెట్ట. శనగ, మిరప, నువ్వు, వేరుశనగ ఈ నేలకు తెలిసిన పైర్లు. ఒక్క బియ్యప్పిండే తడి నేల సరుకు. విరుదునగర్ సంబా ఎండుమిరపకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి 2020లో, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో వచ్చాయి. నీళ్లు కరువైన జిల్లాల్లోని ఊళ్లు తమ పేర్లు తిండి పదార్థాలతో నిలబెట్టుకున్నాయని నేను గర్వంగా చెబుతాను.

"ఇన్ని చూశావు కదా, ఏది బాగుంది?" అని అందరూ అడుగుతారు. ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో ఒక పత్రికా వ్యాసంలో తన మనసుకు నచ్చిన పబ్బును ఇష్టంగా వర్ణించి, అలాంటిది అసలు లేదని చివర్లో చెప్పాడు. కోరిన పది గుణాల్లో ఎనిమిదున్న పబ్బు ఒకటి తనకు తెలుసట. ఆ వ్యాసం నాకిష్టమే, కానీ గుణాల పట్టిక పట్టుకుని బయల్దేరితే ఎదురుగా ఉన్న అంగడి కనిపించదు. నాకు దారి చూపింది మా నేలవాడైన కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. కరిసల్ పలుకుబడికి నిఘంటువు కూర్చాడు, పల్లె జనం చెప్పుకునే కథలు పోగుచేశాడు. ఇంత చిన్న మాట నిఘంటువుకెందుకు అనుకోలేదాయన. బోర్డు లేని అంగడిని నేను దాటిపోకపోవడం అందుకే.

సాత్తూరు సేవు అన్న పేరు పెట్టుకుని ఎక్కడెక్కడో చేసిన పాకెట్లు ఊరూరా అమ్ముడవుతున్నాయి. ఆ పేరు సంపాదించింది పొద్దంతా నూనె సెగలో నిలబడే ఈ చేతులు. చిన్న అంగళ్లలో చాలా చోట్ల మాస్టరు తర్వాత ఆ గరిటె పట్టేవాళ్లు లేరు. అవి ఉండగానే ప్రతిదాని ముందూ ఒకసారి నిలబడి, తిని, డబ్బిచ్చి, బాగుందని ముఖాన చెప్పి రావాలని నా పట్టుదల.

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారే మా సాత్తూరు మీదుగా కన్యాకుమారికి పోతుంది. కన్యాకుమారి చూసుకుని తిరిగి వెళ్లేటప్పుడు సాయంత్రం నాలుగు దాటాక ఊళ్లోకి రండి, అప్పటికి బాండీలు కాగుతుంటాయి. పాకెట్టు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు ఏ సందులోనైనా పొగ కనిపించిన చోట ఆగి, వంద గ్రాములు వేడివేడిగా పొట్లం కట్టమనండి. తెలుగులోనే అడిగి చూడండి.