‘ఇది నాది కాదు’ అని డ్రైవర్ చెప్పే తీరు

లినక్స్ కెర్నల్‌లో ఒక పరికరానికీ ఒక డ్రైవర్‌కూ లంకె కుదిరేది ప్రోబ్ అనే ఫంక్షన్ దగ్గర. పరికరం ఐడీ డ్రైవర్ జాబితాలోని ఐడీతో కలవగానే కెర్నల్ ఆ ఫంక్షన్‌ను పిలుస్తుంది. సున్నా తిరిగొస్తే డ్రైవర్ ఆ పరికరాన్ని తీసుకున్నట్టు, రుణ సంఖ్య వస్తే వద్దన్నట్టు. ఎందుకు వద్దందో కెర్నల్‌కు తెలిసేది ఆ ఒక్క సంఖ్యతోనే. మళ్లీ ప్రయత్నించాలా, లాగ్‌లో ఏమైనా రాయాలా అన్నవి దాన్నిబట్టే తేలతాయి.

ఈ తీర్పు జరిగేది డ్రైవర్ కోర్‌లోని డీడీ.సీ అనే ఫైల్లో. అక్కడ కెర్నల్ ఈ రుణ సంఖ్యలను మూడు రకాలుగా చూస్తుంది. ఈనోడెవ్ (19) గానీ ఈఎన్ఎక్స్ఐఓ (6) గానీ వస్తే, ఐడీ కలిసినా ఈ డ్రైవర్ ఆ పరికరానికి తగినది కాదని అర్థం చేసుకుంటుంది. డీబగ్ స్థాయిలో ఒక ముక్క రాసి ఊరుకుంటుంది, మామూలుగా అది ఎవరికీ కనబడదు. ఈప్రోబ్ డిఫర్ (517) వస్తే తర్వాత చూద్దామని పక్కన పెడుతుంది. మెమరీ దొరకలేదనే 12, ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపమనే 5, ఇంకే అంకె వచ్చినా దాన్ని వైఫల్యంగా లెక్కగట్టి, డ్రైవర్ పేరూ అంకే కలిపి లాగ్‌లో ఎర్రర్ రాస్తుంది. నిరాకరణ వేరు, వైఫల్యం వేరు. డ్రైవర్ రచయిత కోడ్ ఎంచుకునేటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఈ తేడానే.

నిశ్శబ్దంగా వెళ్లే రెండు కోడ్‌ల మధ్య కూడా సన్నని గీత ఉంది. ఐ2సీ బస్సు మీద కూర్చునే బీఎంఈ280 అనే వాతావరణ సెన్సర్‌నే తీసుకుందాం. దాని చిరునామా 0x76 లేదా 0x77. ఆ చిరునామాకు పిలుపు పంపితే అటునుంచి ఏ జవాబూ రాలేదంటే అక్కడ చిప్పే లేదు, లేదా దానికి కరెంటు అందడం లేదు. అలాంటప్పుడు ఐ2సీ కంట్రోలర్ ఇవ్వవలసిన కోడ్ ఈఎన్ఎక్స్ఐఓ. జవాబు వచ్చింది, కానీ చిప్ ఐడీ ఉండే 0xD0 రిజిస్టర్ చదివితే 0x60 ఉండాల్సిన చోట సంబంధం లేని విలువేదో కనబడిందనుకోండి. చిరునామాలో ఎవరో ఉన్నారు, మనం వెతుకుతున్నవారు మాత్రం కాదు. ఇక్కడ తగినది ఈనోడెవ్. కెర్నల్‌తో వచ్చే ఐ2సీ పత్రాలు కూడా ఈ రెంటినీ ఇలాగే విడదీశాయి. యూఎస్‌బీలోనూ అదే ఆచారం: ఆ ఇంటర్‌ఫేస్ తనకు అక్కర్లేదనుకున్న డ్రైవర్ ఈనోడెవ్ ఇవ్వాలి, నిజంగా బదిలీ చెడితే ఆ చెడిన కోడ్‌నే ఇవ్వాలి.

చిప్ ఐడీ కలవకపోతే వెనక్కి తిరగడం అన్ని వేళలా సరికాదు. డివైస్ ట్రీలో ఒక కొత్త చిప్‌ను పాత చిప్‌కు అనుకూలమని రాసివుంటే, తెలియని ఐడీ కనబడినంత మాత్రాన డ్రైవర్ తప్పుకుంటే పనిచేయగల పరికరం మూలన పడుతుంది. అందుకే సెన్సర్ల విభాగమైన ఐఐఓలో ఇప్పుడు హెచ్చరిక రాసి ముందుకు సాగడాన్నే మంచి పద్ధతిగా భావిస్తున్నారు. ఇది వివేకమైన మార్పు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కోడ్‌ను మార్చేయడం. ఒక టచ్‌స్క్రీన్ డ్రైవర్ ఇంటరప్ట్ లైన్ అడిగింది. ఆ లైన్‌ను అందించే డ్రైవర్ ఇంకా సిద్ధం కాలేదు కాబట్టి 517 వచ్చింది. రచయిత మాత్రం వచ్చిన కోడ్‌ను చూడకుండా, ఎర్రర్ ఏదైనా సరే ఈనోడెవ్ ఇచ్చేలా ఒక్క వరుస రాసి పెట్టాడు. దాంతో, కాసేపాగి మళ్లీ రమ్మన్న మాట కాస్తా, ఇది నాది కాదన్న మాటగా మారిపోయింది. కెర్నల్ మళ్లీ ప్రయత్నించదు, లాగ్‌లో ఏమీ రాయదు. తెర మాత్రం స్పందించదు. వోల్టేజ్ రెగ్యులేటర్ల దగ్గర దీనికి తిరుగు చిక్కు ఉంది: ఉన్నా లేకున్నా పర్వాలేదని అడిగిన రెగ్యులేటర్ లేకపోతే ఈనోడెవ్ వస్తుంది. దాన్ని యథాతథంగా పైకి పంపితే, లేకున్నా పర్వాలేదన్న వస్తువు కోసం పరికరం మొత్తాన్నీ వదులుకున్నట్టే. అందువల్ల ఆ ఒక్క కోడ్‌ను అక్కడే ఆపి, మిగతావన్నీ మార్చకుండా పంపాలి.

517తో నడిచే ఈ వాయిదా పద్ధతి కెర్నల్‌లోకి 2012లో, 3.4 వెర్షన్‌తో వచ్చింది. ఏఆర్ఎమ్ బోర్డుల్లో ఒక చిప్‌కు క్లాక్ ఒకచోటినుంచి, విద్యుత్తు ఇంకోచోటినుంచి రావాలి. ఏ డ్రైవర్ ముందు లేస్తుందో చెప్పలేక, అంతకుముందు వాటి వరుసను చేత్తో సర్దేవారు. ఇప్పుడు 517 ఇచ్చిన పరికరం ఒక జాబితాలోకి చేరుతుంది. మరో పరికరం ఏదైనా డ్రైవర్‌తో కుదురుకున్నప్పుడల్లా జాబితాలోని వాటిని కెర్నల్ మళ్లీ ప్రోబ్ చేస్తుంది. దీనికి కచ్చితమైన షరతు ఒకటుంది: పిల్ల పరికరాలను నమోదు చేశాక 517 ఇవ్వకూడదు. ఆ పిల్ల పరికరం కుదురుకోవడమే జాబితాను మళ్లీ కదిలిస్తుంది, అదే డ్రైవర్ అంతులేకుండా మళ్లీమళ్లీ మొదలవుతుంది.

వాయిదా కారణాలను నమోదు చేసి ఉంచేందుకు 2020లో, 5.9 వెర్షన్‌లో, డెవ్ ఎర్ర్ ప్రోబ్ అనే సహాయక ఫంక్షన్ చేరింది. కోడ్ 517 అయితే అది లాగ్‌ను నింపకుండా కారణాన్ని భద్రపరుస్తుంది, డీబగ్ ఫైల్‌సిస్టమ్‌లోని డివైసెస్ డిఫర్డ్ ఫైల్లో పరికరం పేరు పక్కన చూపిస్తుంది. పరికరం పనిచేయక, లాగ్‌లోనూ ఏమీ కనబడకపోతే ముందుగా ఆ ఫైలు తెరవండి. అందులోనూ లేకపోతే డీడీ.సీకి డైనమిక్ డీబగ్ ఆన్ చేసి, పరికరాన్ని మళ్లీ బైండ్ చేయించండి. వద్దన్న డ్రైవర్ పేరూ, అది ఇచ్చిన అంకే అప్పుడు లాగ్‌లో కనబడతాయి.